ముప్ఫై ఒకటో పెట్టె

ముప్ఫయ్యో పెట్టె మీద నీళ్ళు ఆరేదాకా ఆగమని రాళ్ళు చదివే యంత్రం పఠని చెప్పింది. సుంకమ్మ ఆగింది.

ఆ నలభై సెకన్లలో పరీక్ష రాసే అభ్యర్థి రాయిని చూడవచ్చు, ముట్టుకోకూడదు. సుంకమ్మ రాయిని చూడలేదు. పెట్టెలోని నాలుగు గాళ్ళలో నాలుగు మీటర్ల కోర్, బోరులోంచి తీసిన రాతికడ్డీ, నిలువునా సగానికి కోసి, కోసిన ముఖం పైకి పెట్టి, శుభ్రంగా కడిగి ఉంది. ఆమె కళ్ళు మాత్రం దాని మీద వేలాడుతున్న పఠని చేతి మీద ఉన్నాయి. ముదురు చార మీద ఆ చెయ్యి ఒక్క క్షణం నెమ్మదిస్తే సన్న ఇసుకరాయి. నెమ్మదించకుండా పోతే నాపరాయి. వెనక ఫ్యాను గొంతు మారితే పగులు. ఆరేళ్ళ భూశాస్త్రం చదువులో ఆమె మొదటి రెండేళ్ళు రాళ్ళను నేర్చుకుంది. తక్కిన నాలుగేళ్ళు పఠనిని నేర్చుకుంది.

'సన్న ఇసుకరాయి, బూడిద రంగు, గట్టిది, కప్పుకు పనికొస్తుంది' అని రాసి బొటనవేలితో తాళం వేసింది. మరుక్షణం పఠని రాసింది తెర మీద పడింది. మాట మాటకీ అదే.

సరిపోలిక తొంభై తొమ్మిది.

ఇంకా పది పెట్టెలు. అవి అయిపోతే, ఎండకు తలదాచుకోవడానికి నేలకింద తొలిచిన పన్నెండో పాతర కప్పు గట్టిదనే పట్టా మీద సాక్షిగా ఆమె వేలిముద్ర పడుతుంది. దాంతో పాటే ఆమెకు భూపట్టా, ఆరేళ్ళ చదువుకు పట్టా, వస్తుంది, మొదటి పాతరలో మంచం వస్తుంది. మొదటి పాతర మీద నూట పది మీటర్ల గట్టి క్వార్ట్‌జైట్ ఉంది. అక్కడ పడుకున్నవాళ్ళు రాత్రిపూట పైకి చూడరని, చూడాల్సిన అవసరం లేదని హాస్టల్లో చెప్పుకునేవారు. సుంకమ్మ ఉంటున్న విద్యార్థుల రేకుల షెడ్డు భూమి మీద ఉంది. అక్కడ ఫాల్గుణం నుంచి కార్తీకం దాకా తలుపు గొళ్ళేన్ని గుడ్డతో పట్టుకుని తీయాలి.

కోర్ షెడ్డుకు ఉన్న ఒకే ఒక్క కిటికీలోంచి లైను కనబడుతోంది. పన్నెండో పాతరకు టోకెన్లు వచ్చిన నాలుగు వేల మంది. మనిషికొక మూట. పాతర రేపు తెల్లవారి తెరుస్తారని తెలిసినా నిన్నటి నుంచే నిలబడ్డారు, వంతు పోతుందని. మధ్యమధ్య చాపబండి లైను పక్కగా వెళ్ళి, ఎండకు ప్రాణం పోయిన ఎవరో ఒకరిని చాపలో చుట్టుకుని తిరిగి వస్తోంది. అలా వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళు ఒక అడుగు ముందుకు జరుగుతున్నారు. సుంకమ్మ పొద్దున ఆ జరగడాన్ని కాసేపు చూసింది. తర్వాత కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.

ముప్ఫై ఒకటో పెట్టెను హుస్సేనమ్మ తెచ్చింది.

ఈ షెడ్డులో కోత మిషను మీద ఉండేది హుస్సేనమ్మే. బోరు నుంచి వచ్చిన కోర్‌ను నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని కడిగి పఠనికి పంపుతుంది. రెండో సగాన్ని, దాన్ని జత సగం అంటారు, వెనక అరల్లో పెడుతుంది. మిషను దగ్గర ముగ్గురికి ఒక మూతిగుడ్డ ఇస్తారు. హుస్సేనమ్మ కనుబొమల మీద, చెవుల మీద రాతిపిండి తెల్లగా పేరుకుని ఉంది. ఆమెకూ సుంకమ్మకూ ఒకటే వయసు. నాలుగేళ్ళ క్రితం దాకా ఒకటే తరగతి, ఒకటే గది, ఒకటే దుప్పటి.

ఆమె పెట్టెను పఠని కింద పెట్టి, వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది. మామూలుగా నిలబడదు.

పఠని చెయ్యి మొదటి గాడి మీదుగా సాఫీగా సాగింది. రెండో గాడి మధ్యలో ఆగిపోయింది. పసుపు దీపం వెలిగింది. 'ఖాళీ. సరిచేయండి' అని తెర మీద వచ్చింది.

సుంకమ్మ అప్పుడు రాయిని చూసింది. రెండు ముక్కల మధ్య నాలుగు వేళ్ళ సందు. ఆ సందులో ఒక చెక్కముక్క.

ఆ చెక్కముక్క అర్థం ఆమెకు తెలుసు. రెండో సంవత్సరం పుస్తకంలో ఒకే ఒక్క పేరా. నీళ్ళతో బోరు వేసేటప్పుడు మెత్తని బంకమన్ను పొర తగిలితే అది కరిగి నీళ్ళతో పాటే పైకి పోతుంది. పైరాయి, కిందరాయి మాత్రం కోర్‌లో వస్తాయి. మధ్యలో పోయిందాని గుర్తుగా అంత పొడుగు చెక్క పెట్టాలి. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. ఆరేళ్ళలో ఈ షెడ్డులో ఆమె ఒక్క చెక్కనూ చూడలేదు. ఖాళీ కనబడితే పఠని ఆగిపోతుంది, ఆగితే ఆ పూట పెట్టెల లెక్క తప్పుతుంది. అందుకని కోత దగ్గరే ముక్కల్ని దగ్గరికి జరిపి అతికించినట్టు పెట్టేస్తారు. పఠని చూసేది కోసిన ముఖాన్నే. విరిగిన కొసల్ని అది చూడదు.

కప్పులో నాలుగు వేళ్ళ మన్ను పొర ఉంటే పైరాయి దాని మీద కూర్చుని ఉంటుంది. నాలుగు వేల మంది ఊపిరి తడి కొన్నాళ్ళకు ఆ మన్నుకు చేరుతుంది. తొమ్మిదో పాతరలో మూడో వరసను పోయిన ఏడాది మూసేశారు. నీటి ఒత్తిడి అని ప్రకటించారు. రెండు వందల పన్నెండు మంది. అందరూ దాన్ని మూసిన వరస అనే అంటారు, కూలిన వరస అనరు.

పసుపు దీపం చూసి మద్దిలేటి సార్ వచ్చాడు.

ఆయన నడక మెత్తన, గొంతు ఇంకా మెత్తన. విద్యార్థినులందరినీ పాపా అనే పిలుస్తాడు. పఠని రాకముందు ఆయన రాళ్ళు చదివినవాడు. ఆయన సుత్తి గోడకు వేలాడుతోంది, దాని పక్కనే మొదటి షెడ్డు నాటి నిబంధనల బోర్డు, రంగు వెలిసిపోయి. మొదటి సంవత్సరం మొదటి తరగతిలో ఆయన ఒక్కొక్కరి చేతిలో ఒక రాయి పెట్టి గంటసేపు చూడమన్నాడు. గంటయ్యాక రాళ్ళన్నీ సంచిలో వేసేసుకుని, "ఇప్పుడు చెప్పండి. పఠని ఏమంటుంది?" అని అడిగాడు. అందరూ తెల్లమొహాలు వేశారు. హుస్సేనమ్మ మాత్రం లేచి తన రాయి ఏమిటో చెప్పింది. అది సరైన జవాబే. "నేనడిగింది రాయి సంగతి గాదు పాపా" అని ఆయన చాలా మర్యాదగా ఆమెను రోజంతా నిలబెట్టాడు. సుంకమ్మ ఆ పాఠాన్ని మనసులో పెట్టుకుంది.

ఇప్పుడాయన పెట్టెలోకి తొంగి చూసి, హుస్సేనమ్మ వైపు తిరిగి, ఈ చెక్క ఏమిటని అడిగాడు.

"ఆడ ఏముంటే అదే పెట్టినా సార్. బోరోళ్ళు నాలుగు మీటర్లని రాసినారు. కోర్ నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది."

"రోజూ తక్కువే వస్తాది గదా. రోజూ ఏం జేచ్చావు?"

"అతికిచ్చా."

"మరి ఈ పొద్దు?"

హుస్సేనమ్మ రొంటిలోంచి ఒక టోకెను తీసి చూపించింది. పన్నెండో పాతర, ఏడో వరస. "ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ కప్పులు సార్," అంది. "ఇది నాది."

మద్దిలేటి నవ్వాడు. నవ్వులో కోపం లేదు, నిజంగానే నచ్చినట్టుంది ఆయనకు ఆ జవాబు. "నిజాయితీ అంటే ఇదే పాపా," అన్నాడు సుంకమ్మతో. "మూడు పాతర్లకు రాని ధర్మం సొంత మంచం దగ్గరికొచ్చేసరికి వచ్చింది. సరే. పరీక్ష నీది. పెట్టె నీ ముందరుంది. ఇప్పుడు నువ్వు ముట్టుకోవచ్చు, ఖాళీ సరిచేయమని పఠనే అడుగుతాంది. చెయ్యి."

ఆయన ఆమెకు నేర్పినవాటిలో ఇది చివరి పాఠం అని సుంకమ్మకు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆమె చూడకుండా ఉండటం ఒక్కటే నేర్చుకుంది. చేత్తో చేయడం ఇదే మొదలు. భయం వేస్తుందేమోనని లోపల వెతుక్కుంది. దొరికింది విసుగు ఒక్కటే. ఇంకా పది పెట్టెలు, గడియారం నడుస్తోంది, ఈ మనిషి ఇవాళే ఎందుకిలా చేయాలి? ఆ విసుగు హుస్సేనమ్మ మీద. దానికి నాలుగేళ్ళ వయసుంది.

చెక్క తీసి పక్కన పెట్టింది. కిందముక్కను బొటనవేలితో పైకి తోసింది. రాయి రాయిని తాకిన చప్పుడు చిన్నగా వచ్చింది. దీపం ఆకుపచ్చగా మారింది.

'సన్న ఇసుకరాయి, గట్టిది, కప్పుకు పనికొస్తుంది.' మాట మాటకీ అదే.

హుస్సేనమ్మ దగ్గింది. పొడిదగ్గు, కడుపులోంచి.

మద్దిలేటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పెట్టె పక్కకు జరిగి, ముప్ఫై రెండోది రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. సుంకమ్మ తన బొటనవేలిని చూసుకుంది. వేలి కొన మీద బూడిద రంగు పూత, పసుపు రాసినంత పల్చన. తుడుచుకోవాలనుకుంది. తుడుచుకోవడానికి ఏమీ లేనట్టు ఆ వేలు నోటికి వెళ్ళింది.

వేలు నాలుకకు అంటుకుంది.

రెండో సంవత్సరం వేసవిలో, హాస్టల్ షెడ్డు నీడలో, హుస్సేనమ్మ ఆమెకు ఇది నేర్పింది. హుస్సేనమ్మ జేజి, వాళ్ళ నాయనమ్మ, నాపరాతి గనిలో పలకలు లేపిన మనిషి. పలక పగిలేదీ పగలనిదీ నాలుకతో చెప్పేదట. 'మొదట నాలిక్కి ఆనిచ్చు. పట్టుకుంటే మన్ను. పట్టుకోకుంటే ముందరి పండ్ల మధ్యన బెట్టి కొరుకు. కరకరమంటే ఇసక. వెన్న మాదిరి జారితే, మే, పరిగెత్తు' అని చెప్పి, తన జేజి పరిగెత్తిన తీరు చేసి చూపించి, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఒకే రాయిని ఒకరి తర్వాత ఒకరు నాకారు. సుంకమ్మకు రాయి మొట్టమొదటిసారి ఏదో చెప్పినట్టనిపించింది. చెప్పిందేమిటో ఆమెకంటే ముందు హుస్సేనమ్మకు తెలిసిపోయినట్టు కూడా అనిపించింది. ఆ రెండోదాన్ని ఆమె మరిచిపోలేకపోయింది.

నెల తర్వాత ఆ కోర్ మీద పఠని ఎంగిలి పట్టుకుంది. ఎంగిలి పడిన మీటరును లెక్కలోంచి కొట్టేస్తారు. మీటరు తగ్గిన కప్పుకు పట్టా రాదు. అందుకని ఎంగిలి చేసిన అభ్యర్థి చదువు మానాలి. ఆ తెల్లవారి గదిబాధ్యత, అంటే తెరకు జవాబు చెప్పే వంతు, సుంకమ్మది. 'ఎంగిలి ఎవరిది?' అని తెర అడిగింది. ఆమె ఒక పేరు రాసింది. రాయడానికి పదకొండు సెకన్లు పట్టింది, అది కూడా ఆమెకు గుర్తే. ఆ మరకలో సగం తనదన్న సంగతి ఎవరూ అడగలేదు. హుస్సేనమ్మ కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నదే సుంకమ్మను నాలుగేళ్ళుగా తినేస్తోంది. తిట్టి ఉంటే బాకీ తీరిపోయేది.

సుంకమ్మ చేయి చాచి, పక్కకు జరుగుతున్న ముప్ఫై ఒకటో పెట్టెలోంచి రెండో గాడి కిందముక్కను తీసింది. విరిగిన కొసను నాలుకకు ఆనించింది. రాయి పట్టుకుంది. వదిలించుకోవడానికి కాస్త లాగాల్సి వచ్చింది.

పఠని చెయ్యి గాలిలో ఆగింది. ఎర్రదీపం.

మద్దిలేటి కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. ఆమె చేతిలో రాయి, ఆమె నోరు, ఎర్రదీపం. ఒక్కొక్కటే చూశాడు. అరవలేదు. వచ్చి ఆమె చేతిలోంచి ముక్కను తీసుకుని బల్ల మీద పెట్టాడు. అలసిపోయావు పాపా, అన్నాడు. పొద్దుట్నుంచి ముప్ఫై పెట్టెలంటే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయన్నాడు. ఒక సగం ఎంగిలైతే ఏమైంది, జత సగం ఉంది కదా, అది పెట్టి చదివిస్తే పోతుందని చెప్పి, అర తెరవమని హుస్సేనమ్మకు పురమాయించాడు.

హుస్సేనమ్మ కదల్లేదు. "మీరే తెరుచుకోండి సార్," అంది. మర్యాదగానే అంది.

ఆయనే వెళ్ళి మీట నొక్కాడు. వెనకగోడ తెరుచుకుంది. నేల నుంచి కప్పు దాకా అరలు, తొమ్మిదో పాతర నుంచి పన్నెండో పాతర దాకా, నాలుగేళ్ళ జత సగాలు. పఠనికి పెట్టేముందు జత సగాన్ని నీలికాంతిలో చూడాలి, ఎంగిలి ఉంటే అందులో వెలుగుతుంది. ఏడో వరస ముప్ఫై ఒకటో పెట్టె జతను లాగి దీపం కింద పెట్టాడు. విరిగిన కొస అంచు మీద చిన్న మరక పాలలా వెలిగింది. పక్కనే పెన్సిలుతో ఒక మాట: అంటింది.

మద్దిలేటి ముప్ఫయ్యో పెట్టె జతను లాగాడు. మరక. అంటలేదు. ఇరవై తొమ్మిది. మరక. అంటలేదు. ఇరవై ఎనిమిది. మరక. అంటింది. ఆయన చేతులు తొందరపడసాగాయి. చివరకు దీపాన్నే ఎత్తి అరల వైపు తిప్పాడు.

కింద నుంచి పై దాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, కనబడ్డ ప్రతి కొసా వెలిగింది.

"నాలుగేండ్లా?" అన్నాడాయన.

"పగలంతా అతికిచ్చేదాన్ని గదా సార్," అంది హుస్సేనమ్మ. "అతికిచ్చేముందర చూసేదాన్ని. చూసినంక రాసేదాన్ని. జత సగాన్ని ఎవురు చూస్తారు, మీ పఠని మీద మీకంత నమ్మకమాయె."

"చెప్పలేదే ఎవురికీ?"

"ఎవురు అడిగినారు?"

తెర మీద అక్షరాలు మారాయి. 'చేతిరాత దొరికింది. నాలుగు వేల ఆరు వందల పన్నెండు మీటర్లు. అభ్యర్థి నిర్ణయించాలి. ఇవి మరకలా, పఠనాలా?'

ఆ ప్రశ్న కింద రెండు గళ్ళు. పరీక్ష సాగుతున్నంతసేపు ఆ గదిలో అభ్యర్థి మాటే చెల్లుతుంది. మద్దిలేటి కూడా నొక్కలేడు. ఆయన కుర్చీ లాక్కుని సుంకమ్మ పక్కన కూర్చున్నాడు, తండ్రి లెక్కలు చెప్పించడానికి కూర్చున్నట్టు.

"మరక," అన్నాడు. "ఒక్క గుర్తు పెట్టు. అన్నిటికీ కలిపి, నువ్వు చేసినదానికీ కలిపి. నీది అలసట అని నేను రాచ్చా. జత సగాలన్నీ పిండి కొట్టిస్తాం, బోరు మళ్ళీ వేసినట్టు చూపిస్తాం. పొద్దుగూకేసరికి నువ్వు మొదటి పాతరలో నీ మంచం మీద ఉంటావు."

"ఈమె?" అంది సుంకమ్మ. పేరు పలకలేదు.

"బయటికి పోతాది. ఇంకేముంది." ఆయన బోర్డు వైపు చూపించాడు. "పఠనాలని రాసినా బయటికే పోతాది పాపా. చదువుకో."

ఆరేళ్ళుగా ఆ బోర్డు కింద కూర్చున్న సుంకమ్మ మొదటిసారి దాన్ని చదివింది. పఠని కొత్తగా వచ్చిన రోజుల్లో, మనుషులూ అదీ పక్కపక్కన రాళ్ళు చదివిన రోజుల్లో రాసింది. వెయ్యి మీటర్లు చదివినవారు పాఠకులు. ఒకే రాయిని చదివిన ఇద్దరు పాఠకుల సరిపోలిక తొంభైకి తగ్గితే ఇద్దరూ గది దాటాలి. మూడో పాఠకుడు చదివేదాకా ఆ కప్పులు ఆగాలి. అభ్యర్థులతో నాలుగు వందల మీటర్లకు మించి చదివించరు. పఠనితో కాక ఇంకో పాఠకుడితో పని పడలేదు గనక ఆ బోర్డును తీసేయాలని కూడా ఎవరికీ తోచలేదు.

మరక అంటే రేపు తెల్లవారి నాలుగు వేల మంది ఆ కప్పు కిందికి వెళతారు. పఠనం అంటే కప్పు ఆగుతుంది. వాళ్ళు ఎండలో ఆగుతారు. ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు. తొమ్మిది, పది, పదకొండు పాతర్లలో ఉన్నవాళ్ళ కప్పులు కూడా ఆగినట్టే. వాళ్ళు మంచాల మీద పడుకుని పైకి చూడటం మొదలుపెడతారు. ఏ గడి నొక్కినా హుస్సేనమ్మ బయటికే. ఏ గడి నొక్కినా చాపబండి తిరుగుతూనే ఉంటుంది. మంచి గడి లేదు. సుంకమ్మ తన లోపల మంచితనం కోసం వెతకడం మానేసింది, అది పనికిరాదని తేలిపోయాక తల కాస్త తేలికపడింది.

అప్పుడామెకు ఒక ఊహ వచ్చింది, చాలా అందమైనది. పఠనం అని నొక్కి, చదివినవారు ఎవరంటే తన పేరు రాసుకోవచ్చు. శిక్ష తనది, గది దాటేది తను. నాలుగేళ్ళ కిందటి పదకొండు సెకన్లు చెరిగిపోతాయి. ఆ ఊహకు ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. వేలు పఠనం గడి మీద పడింది. 'చదివినవారు ఎవరు?' అని తెర అడిగింది. ఆమె మొదటి అక్షరం రాసింది.

సు.

"మే," అంది వెనక నుంచి హుస్సేనమ్మ. ఎప్పుడు వచ్చిందో భుజం దగ్గరే నిలబడి ఉంది. రాతిపిండి వాసన. "ఏం రాస్తాండావు?"

సుంకమ్మ వేలు తెర మీదే ఉంది.

"అయిన కాడికి చాలు. నా చదువు దీస్కున్నావు. నా పట్టా దీస్కుంటాండావు. ఇంగ ఇది గూడా నీదే అంటావా? నాలుగేండ్లు నాలిక చీరకపోయింది నాకు." ఆమె గొంతులో కోపం కంటే వింత ఎక్కువుంది, పిల్లి పాలు తాగుతుంటే చూసినట్టు. "నీకు బాధగా ఉంటే బాధపడు. నా ఎంగిలి మీద పడి ఏడవొద్దు. రాయి. నా పేరు రాయి. ఎట్ల రాయాలో నీకు తెలుసు గదా."

సుంకమ్మ ఆ అక్షరాన్ని చెరిపేసింది. హుస్సేనమ్మ అని రాసింది. మళ్ళీ అదే పేరు, అదే చెయ్యి. ఈసారి ఎంతసేపు పట్టిందో ఆమె లెక్కపెట్టలేదు.

మద్దిలేటి లేచి నిలబడ్డాడు.

తెర మీద మీటర్లు పరుగెత్తాయి. తొమ్మిదో పాతర, మూడో వరస దగ్గర కాస్త నెమ్మదించినట్టు సుంకమ్మకు అనిపించింది. అది నిజం కాకపోవచ్చు, పఠని చేతిని చూసి చూసి ఆమెకు పట్టిన అలవాటు కావచ్చు. చివరకు ఒక అంకె నిలబడింది.

సరిపోలిక ఎనభై ఎనిమిది. అభ్యర్థి పరీక్ష రద్దు. ఇద్దరు పాఠకులూ గది దాటాలి. కప్పులు ఆగినవి.

పఠని చెయ్యి నెమ్మదిగా మడుచుకుని, తన పెట్టెలోకి తనే దిగి మూత వేసుకుంది, దానికి గది దాటడమంటే అదే. సుంకమ్మ ఎప్పుడూ దాన్ని మూసి ఉండగా చూడలేదు. ఇంత చిన్నదా అనిపించింది.

బయట మైకు మోగింది. ఏం చెప్పిందో లోపలికి సరిగ్గా వినబడలేదు. అరుపులు వస్తాయని సుంకమ్మ ఒళ్ళు బిగబట్టుకుంది. అరుపులు రాలేదు. వేల మూటలు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద దింపుతున్న చప్పుడు వచ్చింది, మెత్తగా, చాలాసేపు.

హుస్సేనమ్మ మూతిగుడ్డ విప్పి కోత మిషను చక్రానికి తగిలించింది. సుంకమ్మ ఎక్కడికి వెళతావని అడిగింది, అడగకుండా ఉండలేక.

"లైన్లోకే. నాది మూడు వందల పన్నెండు." తలుపు దగ్గర ఆగి టోకెన్ను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "వాళ్ళకు నేను జెప్పాల గదా, ఎందుకు ఆగిపోయిందో. నీ పేరు చెప్పనులే. వాళ్ళేమన్నా ఆరేండ్లు చదువుకున్నారా, నీది అర్థమయ్యేదానికి."

తలుపు తెరుచుకున్నప్పుడు ఎండ లోపలికి వచ్చింది. మూసుకున్నాక కూడా కాసేపు పోలేదు.

గదిలో ఇద్దరే మిగిలారు. మద్దిలేటి గోడకున్న సుత్తిని చూస్తున్నాడు. బయటికి ఫోను చెయ్యాలని, పై అధికారులను పిలవాలని ఏదో గొణిగాడు. మూసిన పెట్టెలోంచి పఠని గొంతు వచ్చింది, ఎప్పటిలాగే సమంగా.

"గదిలో మూడో పాఠకుడు ఉన్నారు. మద్దిలేటి. పదకొండు వందల ఆరు మీటర్లు, మొదటి షెడ్డు. ముప్ఫై ఒకటో పెట్టెను చదవండి."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి సుంకమ్మ నాకిన ముక్కను తీసుకున్నాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ పట్టుకోవాలో మరిచిపోయినట్టు వేళ్ళు తడబడ్డాయి. కోసిన ముఖాన్ని చూశాడు. విరిగిన కొసను వేలితో ముట్టుకుని చటుక్కున తీసేశాడు. నోరు తెరిచి మూశాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"పాపా," అన్నాడు మెల్లిగా, రహస్యం అడిగినట్టు. "పఠని ఏమంటుంది?"

సుంకమ్మకు తెలుసు. మాట మాటకీ తెలుసు. ఆ పెట్టెకే కాదు, రాబోయే తొమ్మిది పెట్టెలకూ చెప్పగలదు. ఆరేళ్ళలో ఆమె నేర్చుకున్న విద్య అది ఒక్కటే, ఆమె దగ్గర మిగిలిందీ అదొక్కటే.

"నాకు తెలీదు సార్," అంది. "రాయిని చూడండి."

పఠని నలభై సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మద్దిలేటి రాయిని నోటి దగ్గరికి ఎత్తాడు. అక్కడే పట్టుకుని ఉన్నాడు. కిటికీ అవతల చాపబండి లైను పక్కగా వెళ్ళి ఒకరిని చుట్టుకుంది. ఈసారి వెనకవాళ్ళెవరూ ముందుకు జరగలేదు.